కింద రాత లేని మాట

మా తమ్ముడి కూతురు సినిమాలు తీస్తుంది. ఈ మాట చెప్పగానే, ఏ హీరోతో అని అడుగుతారు. హీరో లేడు, పాటలు లేవు, టిక్కెట్టు కూడా లేదంటే, మరి అదేం సినిమా అంటారు. మొదటిది కయత్తారు పక్కన గాలిమరలకు పొలాలిచ్చిన రైతుల గురించి. రెండోది అరుప్పుకోట్టైలో మరమగ్గాల చప్పుడుకు చెవులు పోగొట్టుకున్నవాళ్ళ గురించి. మూడోది కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెలు నింపే ఆడవాళ్ళ గురించి. నన్ను వారం రోజులు నిద్రపోనివ్వనిది ఆ మూడోది.

విరుదునగర్‌లో నా ఇంటి ముందుగదే తన ఆఫీసు. నేను చిత్తూరులో ఒక బ్యాంకులో ఇరవై తొమ్మిదేళ్ళు లెక్కలు రాసి ఇక్కడికి తిరిగివచ్చాను. తెలుగు అక్షరాలు అక్కడే నేర్చుకున్నాను. మా వైపు ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గాని చదవరు. గడప దాటితే అరవమే. సినిమాలో ఎవరైనా తెలుగు మాట్లాడితే దాని అర్థం తెర కింద అరవంలో పడాలి. ఆ పని నాకు వచ్చింది. ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూసి, తేదీ వేసి రాసిచ్చేదాన్ని.

"నువ్వు రాస్తే కామా కూడా తప్పించుకోలేదు అత్తా," అనేది మా పిల్ల. అది మెచ్చుకోలు అనుకోవడం నాకిష్టం.

ఆదివారం సాయంత్రం విరుదునగర్‌లోనే ఒక కల్యాణమండపం మేడమీద మొదటి ప్రదర్శన పెట్టుకుంది. మంగళవారం పొద్దున నేను చివరి భాగం రాయడానికి కూర్చున్నాను. తెరమీద నలభై ఏళ్ళ మనిషి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని అక్కడ తీప్పెట్టి ఆఫీసు అంటారు. ఆమె పదకొండేళ్ళుగా ఒకే ఆఫీసులో పెట్టెలు నింపుతోంది. మా పిల్ల అరవంలో అడిగిన ప్రశ్నలకు ఆమె అరవంలోనే, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు జవాబు చెప్పింది. అంతా బాగుంది, ఓనరు బంగారం, ఏ కొరతా లేదు.

తరువాత టీ వచ్చింది. మా పిల్ల తెలుగులోకి మారి, "తింటివా అక్కా?" అంది. ఆమె ఒళ్ళు వదులు చేసుకుని కూర్చుంది. మాట మీద మాట వచ్చింది. కొంతసేపటికి నవ్వుతూ అంది:

"మద్యాన్నం సాపాటు అయినాంక వెనక వాకిలికి బీగం ఏస్తారు. గాలి కొడితే పుల్లలు సెదురుతాయంట. పుల్లలు కాదు, మేం సెదురుతామని బయం."

నేను అది అరవంలోకి మార్చి రాశాను. రాసి మళ్ళీ చదువుకున్నాను. మందు, పుల్లలు, అట్టపెట్టెలు, ముప్పైమంది ఆడవాళ్ళు, వెనక తలుపుకు తాళం. అదొక భయం. దాని వెనకే ఇంకో భయం వచ్చింది. ఆ ఓనరు ఆమె అత్తగారికి తమ్ముడు, ఆమెకు మామ వరస. ఆమె ఉండే ఇల్లూ ఆయనదే. ఈ రాత తెరమీద పడితే సోమవారానికల్లా ఆమెకు ఆ ఆఫీసులో చోటుండదు. బహుశా ఆ ఇంట్లోనూ ఉండదు.

ఫోన్ చేశాను. మా పిల్ల చెన్నైలో ఉంది.

"అది ఆమె పేట్టిలో చెప్పిన మాట కాదు," అన్నాను. ఇంటర్వ్యూను మావాళ్ళు పేట్టి అంటారు.

"కెమెరా ఎదురుగానే ఉండె గదా అత్తా. అక్కకు తెలుసు."

"పేట్టి అరవంలో ముగిసిపోయింది. తరువాత మీరిద్దరూ తెలుగులో మాట్లాడుకున్నారు. మన ఇళ్ళలో తెలుగులో అన్నమాట గడప లోపలి మాట. అది నువ్వు మరిచిపోతివా?"



"అదే ఈ పడం ప్రాణం అత్తా. అది తీస్తే ఓనరు బంగారం అనేదే మిగులుతాది," అంది. పడం అంటే సినిమా.

"అదే మిగిలితే ఆమెకు చోటు మిగులుతుంది."

తనకొక నియమం ఉంది. తన సినిమాలో కనిపించినవాళ్ళకు ముందు చూపిస్తుంది. వాళ్ళు తీసెయ్యమన్నది తీసేస్తుంది. ఈ నియమం వల్లే రెండో సినిమాలో సగం పోయింది. ఈసారి పని ఆలస్యమై ఆమెకు చూపించనేలేదు. గురువారం చెన్నై నుంచి దిగి, స్నానం కూడా చెయ్యకుండా నాతో కోవిల్‌పట్టి బస్సెక్కింది. వట్టి చేతులతో పోకూడదని నేను ఒక వేరుశనగ మిఠాయి పొట్లం కొన్నాను. సాత్తూరు దాటాక అది చూసి నవ్వింది.

"కడలైమిఠాయికి పేరుపడిన కోవిల్‌పట్టికే దాన్ని మోసుకుపోయే మొదటి మనిషివి నువ్వే అత్తా."

ఆ దారిలో తను నవ్వింది అదొక్కసారే.

ఆమె అప్పుడే పని నుంచి వచ్చింది. వేళ్ళ చివర్లు అట్టరంగుకు ఎర్రగా ఉన్నాయి. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టి చూపించాం. అరవంలో చెప్పినదాకా సిగ్గుగా చూసింది. టీ వచ్చినప్పటినుంచి కదలలేదు.

"ఇది ఎప్పుడు తీస్తివి?"

"అప్పుడే అక్కా. టీ తాగేటప్పుడు."

"మనం మాట్లాడుకుంటా ఉంటిమి గదే. పేట్టి ముగిసిపోయె."

"తప్పు నాదే. తియ్యమంటే తీసేస్తా. ఇప్పుడే, నీ ఎదురుగానే."

ఆమె లోపలికి పోయి, చేతులు కడుక్కుని వచ్చింది. ఇంకొకసారి పెట్టమంది. ఈసారి కింద పడిన అరవం అక్షరాల మీద వేలుపెట్టి చదివింది.

"ఇది ఎవురు రాసినారు?"

"నేనే," అన్నాను.

"ఇది నేను సెప్పలేదు పెద్దమ్మా."

"ఒక్క మాట కూడా మార్చలేదమ్మా."

"మాట మారలే. నేను అరవంలో సెప్పలేదు గదా. అరవంలో రాస్తే కలెక్టరుకు సెప్పినట్ల. తెలుగులో సెప్తే మామకు సెప్పినట్ల."

"మామకే చెప్పొచ్చు గదా అక్కా, నేరుగా?" అంది మా పిల్ల.

"పదకొండేండ్లు ఆయన ఎదురుగా కూర్చోను కూడా లేదు నేను. నేరుగా సెప్తే కోడలు ఎదురు మాట్లాడె అంటారు. పడంలో అయితే నేను నీతో మాట్లాడతా ఉండాను. ఆయన చెవిన పడితే పడె." తెరమీద నుంచి వేలు తీసి, "మాట ఉండనీ. కింద రాత తీసెయ్యి," అంది.

"రాత లేకుంటే సెన్నైలో ఎవరికి తెలుస్తాది అక్కా?"

"మా బీగంతో సెన్నైకి ఏం పని?"

తిరుగు బస్సులో మా పిల్ల కిటికీకి తల ఆనించి కూర్చుంది. తను సినిమా తీసింది చట్టం చేతుల్లో ఉన్నవాళ్ళు చూడాలని. వాళ్ళకు అర్థంకాని ఒక్క మాట అదే కాబోతోంది. ఆమెను ఒప్పించి ఉండాల్సిందా అని నన్నడిగింది. నాకు తెలియదన్నాను. ఆ తలుపు నా కళ్ళముందే ఉంది. దాన్ని రాతతో తెరిస్తే ఆమె వీధిన పడుతుంది. రాయకపోతే తలుపు అట్లాగే ఉంటుంది. ఎటు కూడినా మొత్తం సరిపోలేదు.

ఆదివారం ఓనరు అందరికన్నా ముందే వచ్చాడు. మనవాళ్ళ పిల్ల తీసిందని తెల్లపంచె కట్టుకుని మూడో వరుసలో కూర్చున్నాడు. ఆమె రాలేదు. మండపం సగానికి పైగా నిండింది. మనవాళ్ళు కొందరు, అరవంవాళ్ళు చాలామంది. నా పక్కన జేబులో రెండు పెన్నులున్న పెద్దమనిషి కూర్చున్నాడు. ఆయన ఏ ప్రభుత్వ శాఖవాడో అని సినిమా అంతా నాకు అదే గొడవ.

ఆ చోటు వచ్చింది. కింద తెర ఖాళీగా ఉంది. ఆమె చెప్పి నవ్వింది. మండపంలో అక్కడక్కడ నవ్వులు లేచి, సగంలోనే ఆగిపోయాయి. అర్థమైనవాళ్ళంతా మూడో వరుస వైపు చూశారు. నాకు ఆయన మెడ వెనకభాగమే కనిపించింది. అది కదలలేదు.

పెన్నుల పెద్దమనిషి నా వైపు వంగి, ఏమంది అని అరవంలో అడిగాడు.

ఇంటి మాట అన్నాను.

మరి సినిమాలో ఎందుకు పెట్టారన్నాడు. 

అయిపోయాక ఓనరు మా పిల్ల దగ్గరికి వచ్చాడు.

"బాగుండాది పాపా. ఒక సోట కింద రాత లేదే?"

"ఆ ఒక్క సోటే మామా. మరిచిపోయింది కాదు."

"ఊఁ," అన్నాడు. కళ్ళద్దాలు పంచెకు తుడుచుకున్నాడు. అందరికీ ఇచ్చిన టీ ఆయన ముట్టుకోలేదు. మా వైపు ఇష్టంలేని ఇంట్లోనే టీ వద్దంటారు. ఆ గ్లాసు చల్లబడేదాకా నేను దాన్నే చూశాను.

సోమవారం ఆమె దగ్గరనుంచి ఫోన్ లేదు. ఆఫీసులోకి ఫోన్లు పోనివ్వరు. సాయంత్రమూ లేదు. మా పిల్ల అన్నం కలిపి వదిలేసింది. మంగళవారం దీపాలు పెట్టే వేళకు ఆమే చేసింది.

"నన్ను వెనక్కు మార్చినారు. వాకిలి పక్కనే."

"బీగం తీసినారా అక్కా?"

"లేదు. ఏసే ఉండాది. తాళంచెవి నాకిచ్చినారు. ఎవురు బయటికి పోయినా నేనే జవాబు సెప్పాలంట."

"మామ ఏమన్నా అనెనా?"

"ఒక్క మాట అనలే. తాళంచెవి బల్లమీద పెట్టి పోయె."

అది ఆమె మాట విన్నట్టా, శిక్షా అని మేమిద్దరం చాలాసేపు అటూ ఇటూ తూచాం. నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి మా పెరటి తలుపుకు తాళం వేశాను. తాళంచెవి కొంగున ముడివేసుకుని, పొగలో ఉన్నట్టు కళ్ళు మూసుకుని, తెరవడానికి చూశాను. ముడి విప్పడానికే చాలాసేపు పట్టింది. విప్పాక తాళంచెవి జారి కింద పడింది. కళ్ళు మూసుకునే నేలంతా తడుముకున్నాను.

కళ్ళు తెరిచేసరికి మా పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. కెమెరా పక్కనే ఉన్నా తియ్యలేదు. ఫోన్ తీసింది.

"అక్కా, తాళంచెవి యాడ పెట్టినావు?"

"కొంగునే. పోతే నా మీదకు వస్తాది గదా."

"కొంగున వద్దు. పొద్దున పోగానే బీగంలోనే పెట్టి ఉంచు. తీసేది సాయంత్రమే."

"బీగంలోనే ఉంటే ఇంక బీగం ఎందుకని అడుగుతాడు మామ."

నేను ఫోన్ అందుకున్నాను.

"అడగనీ అమ్మా," అన్నాను. "తెలుగులోనే చెప్పు."

అటువైపు ఆమె నవ్వినట్టనిపించింది. ఏ నవ్వో ఫోన్లో తెలియలేదు. పొద్దున ఏడుకు వాళ్ళను ఆఫీసుకు తీసుకుపోయే వ్యాను వస్తుంది. ఆరున్నరకే నేను లేచి కూర్చున్నాను.