పూనకమని చెప్పింది నేనే

ఎనిమిదేళ్లుగా ఈ మాట నాలోనే దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మాది నర్సీపట్నం దగ్గర జీడితోటలున్న ఊరు. నేను ఇంటికి పెద్దకోడలిని. నా తోటికోడలు నన్ను మావైపు వాడుకలో అప్పా, అంటే అక్కా, అంటుంది. ఆ ఏడు అమ్మవారి పండుగకు రెండు రోజుల ముందు, పెరట్లో జీడిగింజలు ఎండబోస్తూ గోడ పట్టుకుని కూలబడింది.

"అప్పా, సెవిలో ఒకటే హోరు. దూది కుక్కినట్టుంది. ఇల్లంతా గిర్రున తిరిగిపోతంది, వాంతులవుతన్నాయి. ఇది మూడోసారి. బేగి డాక్టరుకి సూపించవా?"

"పండగెల్లనీ, సూద్దాం."

పండుగనాడు ఘటం ఎత్తుకుని నడుస్తూ తూలింది. ఘటం కిందపడి పగిలింది. ఆమె కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ఘటం పగిలితే ఊరికి అరిష్టమంటారు. అందరూ మావైపే చూశారు. ఇదివరకెప్పుడైనా ఇలా అయిందా అని ఒక పెద్దావిడ నన్నడిగింది. లేదండీ, అమ్మవారే వచ్చింది అన్నాను.

ఎందుకన్నాను? ఇంటికి మాట రాకూడదనా? అంతే అయితే మర్నాడు నిజం చెప్పొచ్చుగా? చెప్పలేదు. అప్పటికే జనం మా గుమ్మంలోకి వచ్చి, ఆమెతోపాటు నాకూ దండాలు పెడుతున్నారు. నాకది నచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా నచ్చింది.

ఆ తర్వాత తల తిరిగి పడిపోయినప్పుడల్లా ఆమెను పడుకోనివ్వలేదు. పసుపునీళ్లు పోసి, చేతికి వేపమండలిచ్చి, వానలెప్పుడు, పిల్ల పెళ్లెప్పుడు అని అడిగేవారు. పాపం, కక్కుకుంటూనే కూర్చునేది. నాలుగేళ్లు అలాగే గడిచాయి.

ఎడమ చెవికి ఫోనులో మాట వినపడటం మానేశాక మా మరిది ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను. లోపలి చెవి జబ్బు అన్నారు డాక్టరు. ఇలాంటివాళ్లు తరచూ వస్తూనే ఉంటారట. ముందే వస్తే ఆ తిరుగుడును చాలావరకు అదుపులో పెట్టేవాళ్లమనీ, వినికిడి నిలిచేదో లేదో మాత్రం చెప్పలేననీ అన్నారు. ఆ చివరి మాట పట్టుకుని తప్పించుకుందామని ఎన్నోసార్లు చూశాను. కుదరలేదు.

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా అమ్మా?" అని డాక్టరు అడిగారు.

ఆమె నావైపు చూడలేదు. "లేదండి, నానే సెప్పలేదు," అంది.

చెప్పింది. నాకే చెప్పింది, గోడ పట్టుకుని. నన్నెందుకు కాచిందో అడిగే ధైర్యం నాకు లేదు. క్షమించమనీ అడగను. కానీ ఆమె చెప్పిందని ఒక్కరికైనా తెలియాలి. ఇప్పుడు మీకు తెలిసింది.