తప్పునాదేగారు

ఎవరు ఏ తప్పు చేసినా తన నెత్తినేసుకోవడం ఆ పెద్దాయనకున్న ఒకే ఒక్క జబ్బు. ఎవరైనా ఆయన కాలు తొక్కితే, "తప్పు నాదేనండీ, కాలు అడ్డం పెట్టాను" అనేవాడు. లిఫ్టు ఆగిపోతే, "నాదే, పొద్దున కాస్త ఎక్కువ తిన్నాను" అనేవాడు. వాన పడితే గొడుగు తేనందుకు, పడకపోతే తెచ్చినందుకు క్షమాపణలు చెప్పేవాడు.

ఆఫీసంతా ఆయన్ని తప్పునాదేగారనే పిలిచేది. ఆ పేరు పెట్టింది పక్క సీటులోని ప్రోగ్రామరమ్మ.

వాళ్లు తయారుచేసేది తాళం లాంటి సాఫ్ట్‌వేరు. ఆస్పత్రులూ బ్యాంకులూ తమ రహస్యాలను దానికే అప్పగించేవి. ఓ సోమవారం ఆ తాళంలో కన్నం బయటపడింది. అవతలివాడు అయిదక్షరాలు పంపి, "అయిదొందలు పంపాను, తిరిగివ్వు" అంటే చాలు. ఎన్ని వచ్చాయో చూడకుండా, మెమరీలో ఆ పక్కనున్నవి కూడా కలిపి ఇచ్చేస్తోంది. అందులో ఎవరి పాస్‌వర్డు పోతోందో దేవుడికే ఎరుక!

ప్రోగ్రామరమ్మ ఆ కోడు తెరిచి చూసింది. అది రెండేళ్ల కిందట తను రాసిందే. లెక్క సరిచూసే ఒక్క లైను మర్చిపోయింది.

"ఎవరిదీ నిర్వాకం?" మేనేజరు వస్తూనే అరిచాడు.

ఆమె నోరు తెరిచింది. మళ్లీ మూసేసి స్క్రీను వైపు తిరిగింది.

"తప్పు నాదేనండీ, ఆ కోడు తనిఖీ చేసింది నేనే" అంటూ పెద్దాయన లేచాడు. "తర్వాత తీరిగ్గా తిడుదురుగాని, ముందు కన్నం పూడుద్దాం."

మేనేజరు అంత తీరిక చూసుకోలేదు. అందరి ముందూ అప్పుడే దులిపేశాడు. ఆమె తలెత్తలేదు. సాయంత్రానికల్లా ఇద్దరూ కలిసి సరిచేసి అందరికీ పంపేశారు. పెద్దాయన ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అనుంటే కాస్త తేలిగ్గా ఉండేది.

మర్నాడు ఆమె పాత రికార్డులు తిరగేసింది. ఆ తనిఖీ జరిగిన వారమంతా ఆయన కంటి ఆపరేషనై సెలవులో ఉన్నాడు! వెంటనే పక్క సీటు వైపు తిరిగింది.

"ఎందుకలా చెప్పారు బాబాయ్‌గారూ?"

"నా మొదటి ఉద్యోగంలో నేనూ ఒక తప్పు దాచానమ్మా, మూడు రోజులు. భయం. చెప్పుంటే పూటలో సర్దుకునేది. నిన్న నీ మొహం చూస్తే అదే గుర్తొచ్చింది."

ఆమె తిన్నగా మేనేజరు దగ్గరికి నడిచింది. వెనకే ఆయన, "వద్దమ్మా, వద్దు" అంటూ పరుగు.

"సార్, ఆ లైను మర్చిపోయింది నేను. నిన్న నోరు విప్పనిది కూడా నేనే."

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మరి ఈయన చేసిందేంటి?"

"అబద్ధం చెప్పాను కదండీ!" పెద్దాయన కంగారుగా ముందుకొచ్చాడు. "కనీసం ఆ తప్పైనా నాకుంచండి."