చెప్పులు బయట విడిచి

విడపనకల్లులో బస్సెక్కాక, నా చేతిలోని కోర్టు కాగితం చూసి పక్కసీటు పెద్దాయన అడిగాడు.

"తాగి బండి నడిపినావా? మొదటిసారా?"

తలూపాను.

"భయపడొద్దప్పా. పేరు పిలుస్తానే చెప్పులు బయట ఇడిచి లోపలికి పో. చేతులు కట్టుకోని తప్పయిందని ఒప్పుకో. ఫైను ఏస్తారు, లైసెన్సు కొన్నాళ్లు పెట్టుకుంటారు. మధ్యాన్నానికి ఇంట్లో అన్నం తింటాంటావు."

నా ప్రాణం కుదుటపడింది. "మీకెట్లా తెలుసు?"

"నన్నూ అట్లనే వదిలిపెట్టినారు, మొదటిసారి."

అంతలో ఒక కల్వర్టు వచ్చింది. గోడ మీద ఎండిపోయిన పూలదండ ఉంది. ఆయన చెప్పులు విడిచి, ఊగుతున్న బస్సులో లేచి, చేతులు కట్టుకుని తల వంచాడు. ఊరికే అందరి మీదా అరిచే కండక్టరు ఆయన్ని ఏమీ అనలేదు.

కల్వర్టు దాటాక కూర్చున్నాడు.

"రెండోసారి ఈడ. బడికి పోతాండిన పాప."

కోర్టులో అన్నీ ఆయన చెప్పినట్టే జరిగాయి. ఇంటికొచ్చేసరికి అన్నం వేడిగానే ఉంది. కంచం పక్కకు జరిపాను.

లైసెన్సు తిరిగొచ్చి మూడేళ్లయింది. ఆ దారిన ఇప్పటికీ బస్సులోనే పోతాను. ఆ కల్వర్టు దగ్గర పడేసరికి నా పాదాలు చెప్పుల్లోంచి వాటంతటవే బయటికొస్తాయి.