దమ్‌దమా ఒడ్డున మా అమ్మాయికి ఈత పరీక్ష, నా చేతులకి ఓర్పు పరీక్ష

మా కీర్తన కాలేజీలో వ్యాయామ విద్య చదువుతోంది. కొండదారుల్లో, సరస్సుల మీద జనాన్ని జాగ్రత్తగా నడిపించడం, కాలూ చెయ్యీ సరిగా ఆడనివాళ్ళని నీళ్ళలోకి దింపి తేలడం నేర్పడం వాళ్ళ చదువులో భాగం. చివర్లో ఒక పరీక్ష ఉంటుంది. అలాంటి ఒక మనిషి ఎవరి చెయ్యీ తగలకుండా నీళ్ళ మీద తేలేలా చేయాలి. నెగ్గితే మే నెలలో పిల్లల క్యాంపుని తనే నడిపిస్తుంది, లేకపోతే ఇంకో ఏడాది ఆగాలి. ఆ మనిషిని వెతుక్కోవలసింది కూడా విద్యార్థులే. కీర్తన ఎక్కడెక్కడో వెతికి, చివరికి నా పాత పేషెంటునే పట్టుకుంది.

ఆయన సుబ్బారావు గారు. కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరుగా రిటైరై మా నగరంలోనే ద్వారక ప్రాంతంలో ఉంటున్నారు. రెండేళ్ళ క్రితం పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయి, నేను నర్సుగా ఉన్న వార్డుకి వచ్చారు. మంచం దిగి మొదటి అడుగు వేసింది నా భుజం పట్టుకునే. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తారు. చిన్నప్పుడు కృష్ణా కాలువలో ఈదిన మనిషి. "ఒక్కసారి ఎవరి చెయ్యీ లేకుండా తేలాలనుంది సిస్టర్, అంతే" అన్నారు ఫోన్‌లో. ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను. ప్రథమ చికిత్స సంచీ సర్దుకుని నేనూ బయల్దేరాను.

మార్చి మొదటి వారం, శనివారం. పొద్దున్న ఆరుంపావుకి మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో మారి, గురుగ్రామ్ వైపు చివరి స్టేషన్లో దిగేసరికి ఎనిమిది కావచ్చింది. అక్కడి నుంచి సోహ్నా రోడ్డు మీదుగా దమ్‌దమా సరస్సుకి టాక్సీలో ఇంచుమించు గంట. తిరిగి వచ్చేటప్పుడు అటువైపు బండ్లు దొరకడం కష్టం, అందుకని రానూపోనూ కలిపే మాట్లాడుకోండి. మా డ్రైవరు అద్దంలోంచి నా సంచీ వైపు చూసి, "దీదీ, పిక్నిక్‌కి వెళ్తూ ఇన్ని మందులా?" అని హిందీలో అడిగాడు. "మా మమ్మీ చర్చికి కూడా ఇలాగే వస్తుంది భయ్యా" అంది కీర్తన, హిందీలోనే. అది తెలుగు మొత్తం అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం హిందీలో చెబుతుంది. నన్ను ఏడిపించడానికి ఏ భాషయినా సరిపోతుంది దానికి.

సరస్సుకి దగ్గర్లో ఉన్న క్యాంపుకి మేం చేరేసరికి విద్యార్థులు ఆరావళి రాళ్ళ మధ్య బాటలో కళ్ళకి గంతలు కట్టుకుని నడుస్తున్నారు. ఒకళ్ళు నడిపిస్తుంటే ఇంకొకళ్ళు నడవాలి. తర్వాత ఒక చెయ్యి నడుముకి కట్టేసుకుని క్యాంపులోని ఈత కొలనులోకి దిగాలి. సాయం అందుకోవడం ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు సాయం చేయకూడదని వాళ్ళ శిక్షకురాలు మీరా మేడమ్ నియమం. నాకు ఆవిడ అక్కడే నచ్చేసింది. పది గంటలకి సుబ్బారావు గారు తన కారులో వచ్చారు, ఆఫీసు మీటింగుకి వచ్చినట్టు చొక్కా టక్ చేసుకుని మరీ.

కొలను లోతు ఛాతీ వరకే. వేడి చేసిన నీళ్ళు, దిగడానికి మెట్ల బదులు కమ్మీ ఉన్న వాలుదారి. సుబ్బారావు గారి పక్కన కీర్తన ఉండాలి, చేయి చాపితే అందేంత దూరంలో ఇంకో మనిషి కాపలా ఉండాలి. నేను నర్సుని, కాపలాకి నాకంటే ఎవరు దొరుకుతారని ముందుకొచ్చాను. మీరా మేడమ్ సరే అని ఒక్కటే షరతు పెట్టింది. ఆయన మునిగిపోతే తప్ప ముట్టుకోకూడదు, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడాలి. బలం లేని ఎడమ పక్క కిందికి దిగుతుంది, మనిషి అటు ఒరుగుతాడు. ఊపిరి బిగపట్టకుండా నీళ్ళలోకి ఊదుతూ, తల కుడివైపు తిప్పి, మంచి చెయ్యి దూరంగా చాపితే తనే మళ్ళీ వెల్లకిలా వస్తాడు. నేర్పవలసిందే అది.

కీర్తన ఆయన తల కింద చెయ్యి పెట్టి పడుకోబెట్టింది. "అంకుల్, పైకి చూడండి. నేను ఇక్కడే ఉన్నా. ఇప్పుడు చెయ్యి తీసేస్తా, ఠీక్ హై?" దాని నోట అంత తెలుగు వినడం నాకే కొత్త. "ఠీక్ హై అమ్మా" అన్నారాయన. చెయ్యి తీసింది. ఆయన తేలారు. మరుక్షణం ఎడమ భుజం కిందికి జారింది, చెంప నీళ్ళని తాకింది. ఏం చేస్తున్నానో తెలిసేలోపే రెండు చేతులతో ఆయన్ని ఎత్తి పట్టుకున్నాను, వార్డులో పట్టుకున్నట్టే.

"మమ్మీ! హాథ్ పీఛే!" అని అరిచింది కీర్తన. చేతులు వెనక్కట. డ్యూటీలో అడ్డమొచ్చే బంధువుల మీద నేను అరిచే గొంతే అది, అచ్చంగా. సుబ్బారావు గారు ముఖం తుడుచుకుని, "నేనే తిరిగేవాణ్ణి సిస్టర్, మీరు పట్టేసుకున్నారు" అన్నారు. కోపంగా కాదు, చిన్నబుచ్చుకుని. అది ఇంకా బాధగా అనిపించింది. ఎవరైనా ముట్టుకుంటే ఆ ప్రయత్నం చెల్లదు. పిల్ల పరీక్ష, ఆయన ఆశ రెండూ నా చేతులతోనే పాడుచేశానని ఏడుపొచ్చింది.

మీరా మేడమ్ మాత్రం తొణకలేదు. "ఇంకో అవకాశం ఇస్తాను. మీ కోసం కాదు. అడ్డొచ్చింది అమ్మయినా సరే, ఈ అమ్మాయి పక్కకి పొమ్మంది. నాయకురాలికి కావలసింది అదే" అని, కాపలాకి ఇంకో విద్యార్థిని దింపి నన్ను గట్టు మీదికి పంపింది. కొలను పక్కనే వంటపాక. అక్కడి వంటమనిషి శాంతి నా ముఖం చూసి, "దీదీ, చేతులు ఊరికే ఉండలేవు కదా, ఇవి ఒలిచిపెట్టు" అని హిందీలో అంటూ బఠాణీల బుట్ట, ఒక గిన్నె, తొక్కలకి చెత్తబుట్ట ముందు పెట్టింది. సీజను చివరి బఠాణీలు, కాస్త ముదురు.

కీర్తన మళ్ళీ చెయ్యి తీసింది. నేను కాయ ఒలిచాను. ఆయన తేలారు, ఇంకో కాయ. ఎడమ భుజం దిగింది. చెంప, ముక్కు, తర్వాత ముఖం మొత్తం నీళ్ళలోకి వెళ్ళింది. కీర్తన చేతులు ఆయన వీపు కింద జానెడు దూరంలో ఆగి ఉన్నాయి, తాకడం లేదు. "ఊదండి అంకుల్. తల నావైపు కాదు, అటు. చెయ్యి చాపండి." బుడగలు వచ్చాయి. కుడి చెయ్యి మెల్లగా నీళ్ళ మీద పరుచుకుంది, ముఖం పైకి తేలింది. ఆయన కళ్ళు తెరిచి ఆకాశం వైపు చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయారు. నిలబడ్డాక ఒక్క మాటే అన్నారు: "మా కాలువలో ఇలాగే ఉండేది." "నెగ్గావు, మే క్యాంపు నీదే" అంది మీరా మేడమ్. కీర్తన నీళ్ళలోనే నిలబడి ఏడ్చేసింది.

శాంతి వచ్చి గిన్నె చూసి నెత్తి కొట్టుకుంది. తొక్కలన్నీ గిన్నెలో ఉన్నాయి, గింజలన్నీ చెత్తబుట్టలో. కడిగి వండింది లెండి. మధ్యాహ్నం రోటీల్లోకి ఆ బఠాణీ కూరే తిన్నాం. నాలుగింటికి కీర్తన సుబ్బారావు గారిని లైఫ్ జాకెట్ వేసి పడవలో ముందు కూర్చోబెట్టుకుని సరస్సు మీద ఒక చుట్టు తిప్పింది. నేను ఒడ్డునే ఉన్నాను. ఈసారి ఎవరూ చెప్పకుండానే.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో కీర్తన నా భుజం మీద నిద్రపోయింది. ఇన్నేళ్ళుగా పడిపోయేవాళ్ళని పట్టుకోవడమే నా ఉద్యోగం, అందులో నాకు గర్వం కూడా ఉంది. పట్టుకోగలిగి కూడా జానెడు దూరంలో చెయ్యి ఆపి ఉంచడం అంతకంటే కష్టమని మా అమ్మాయిని చూశాకే తెలిసింది. దానికి నడక నేర్పినప్పుడు కూడా నేను వేలు వదల్లేదు, వాళ్ళ నాన్నే వదిలించాడు. అది ఇంత మంచి పిల్లగా ఎప్పుడు తయారైందో నేను చూడనేలేదు.

మీ పిల్లలూ ఇలాంటి శిక్షణలో ఉంటే తప్పక వెళ్ళండి. వేసవి ముదిరితే సరస్సులో నీళ్ళు తగ్గుతాయి కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. దారిలో సోహ్నా దగ్గర బండి మీద ఒక కిలో బఠాణీలు కొనుక్కోండి. గట్టు మీద కూర్చుని ఒలవడానికి. మీరూ నాలాంటి అమ్మే అయితే రెండు కిలోలు.