తలకట్టు తోక

మా ప్రాంతం పెద్ద రాష్ట్రం నుంచి విడిపోవాల్సిన రోజున మా వదిన జిల్లా ఆఫీసు ముందు నిచ్చెన మీద ఉంది. కొత్త రాష్ట్రం పేరు రాస్తోంది. సభలో ఓటింగు ఇంకా పూర్తి కాలేదు గానీ, మా వైపు అందరికీ అంత ధీమా. పేరు సగం అయ్యేసరికి రేడియో చెప్పింది: నాలుగు ఓట్లు తక్కువ. విడిపోవడం లేదు.

గుమాస్తా పరుగెత్తుకొచ్చి "దిగమ్మా, దిగు!" అన్నాడు.

"పదం మధ్యలో దిగను," అంది వదిన. మిగిలిన మూడక్షరాలూ రాసి, గీత సరిచూసుకుని, అప్పుడు దిగింది. మర్నాడు ఆఫీసు వాళ్ళే దాని మీద సున్నం కొట్టించారు.

ఆ తర్వాత మా ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట: "విడిపోయుంటేనా..." బస్సు రాకపోయినా అదే, కుళాయి రాకపోయినా అదే. వదినకి ఆ మాట గిట్టదు. "విడిపోలేదు కదా. ఇవాళ్టి పనేంటో చెప్పండి," అనేది.

ఆమె చదివింది ఐదో తరగతి. మా అన్న లారీ తోలుకుంటూ వారాల తరబడి తిరుగుతుంటే, ఊరికే కూర్చోలేక, మూసిన దుకాణాల తలుపుల మీది అక్షరాలను వేలితో దిద్దుతూ నేర్చుకుంది. పక్కింటి వాళ్ళు పిచ్చిదనుకున్నారు. మిల్లు మూతపడి నేను ఇంట్లో కూర్చున్నప్పుడు, నా ముప్పై ఆరో ఏట, నా చేతిలో కుంచె పెట్టింది కూడా ఆమే. "మరిదిగారూ, మీ చేతులు వణుకుతున్నాయి. భయమా, ఆకలా? ఆకలైతే అన్నం పెడతా. భయమైతే గీతలు గీయండి." మూడు నెలలు నాతో ఒట్టి గీతలే గీయించింది.

మా వైపు రాతలో ఒక సంగతుంది. తలకట్టు పెట్టేటప్పుడు చివర చిన్న తోక లాగుతాం. ప మీద అది పైకి లేస్తుంది, వ మీద కిందికి ఒరుగుతుంది. రాజధాని వాళ్ళకి అదో వేళాకోళం. "తలకి తోకేంటయ్యా?" అని నవ్వేవాళ్ళు. మమ్మల్ని తోకోళ్ళు అనేవాళ్ళు. అది సోకు కోసం పెట్టింది కాదు. మసక వెలుతురులో, దూరం నుంచి, ఏది వ, ఏది ప అని కళ్ళు చిట్లించక్కర్లేకుండా పెట్టింది.

విడిపోకుండా మూడేళ్ళు గడిచాక రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ బోర్డులన్నీ ఇక ఒకే తీరున ఉండాలట. అక్షరాలు కోసిన రేకులు పంపారు. రేకు పెట్టి రంగు కొట్టడమే. తోక ఉండరాదు. ఒప్పుకోని వాళ్ళ పేరు పనివాళ్ళ జాబితాలోంచి కొట్టేస్తారు. అప్పుడే పెద్దాసుపత్రిలో అరవై రెండు బోర్డుల పని మా చేతిలో ఉంది. ఇది పోతే మళ్ళీ ఏ సర్కారు గోడా ఆమె కుంచెకి దక్కదు.

రేకులు పట్టుకుని ఆ పనులు చూసే ఇంజనీరు స్వయంగా వచ్చాడు. వదిన ఎదురు చెప్పలేదు. "చూద్దాం, ఇలా తెండి," అని మొదటి బోర్డు ఆయన చెప్పినట్టే చేసింది. మెట్ల దగ్గర పెట్టేది: "ఈ మెట్లు వాడండి."

రేకులో చుట్టూ మూసుకున్న అక్షరం కోస్తే నడిమి ముక్క ఊడిపోతుంది. ఊడకుండా ఎక్కడో ఒకచోట సన్నటి పట్టీ వదలాలి. ఆ పట్టీ ఉన్నచోట రంగు పడదు. రేకు కోసినవాడు వా నెత్తిన వదిలాడు. రేకు తీశాక చూస్తే వా నోరు తెరుచుకుని పా అయి కూర్చుంది.

చేతికి కట్టుతో మెట్లెక్కబోతున్న ముసలాయన ఆగి చదివాడు. "ఈ మెట్లు పాడండి." ఇంజనీరు వైపు తిరిగాడు. "ఏ రాగంలో పాడమంటారు నాయనా?"

నర్సులు నవ్వాపుకోలేకపోయారు. ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ సందు కుంచెతో పూడ్చెయ్యండి," అన్నాడు.

"కుంచె పట్టాక రేకెందుకు సార్?"

"మీరు తోక జాడించకండమ్మా! పూడ్చండి, తోక మాత్రం పెట్టకండి. లేకపోతే మీ పేరు కొట్టేస్తాను."

"సరే. తోక తీసి రాయమని మీ చేత్తో కాగితం రాసివ్వండి. రేపు ఎవరైనా అడిగితే చూపించాలి కదా."

"వదినా, పోనిద్దూ," అన్నాను మెల్లగా. ఆమె వినలేదు.

ఆయన కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని గబగబా రాశాడు: "తలకట్టుకు తోక లేకుండా రాయవలెను." వదిన తీసుకుని చదివింది. వేలు పెట్టి చూపించింది. త మీద తోక. క మీద తోక. రాయవలెనులో వ మీద చక్కగా కిందికి ఒరిగిన తోక.

"మీది ఏ బడి సార్?"

ఆయన కాగితం లాక్కుని, ఇంకోటి తీసి, చిన్నపిల్లాడు దిద్దినట్టు ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశాడు. ఈసారి తోకల్లేవు. కింద సంతకం చేశాడు. సంతకం చివర తోక బారెడు ఉంది.

"దాన్ని కూడా కోసెయ్యండి," అంది వదిన.

"సంతకం మారిస్తే నా జీతం ఆగిపోతుందమ్మా."

"నా రాతా అంతే."

ఆయన రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేకుల కట్ట చంకన పెట్టుకుని, "శుక్రవారానికి అన్నీ కావాలి," అన్నాడు. తోక మాటెత్తలేదు.

"బుధవారానికే ఇస్తాను. పైనుంచి ఎవరైనా అడిగితే నా పేరే చెప్పండి. దాచొద్దు."

ఆయన వెళ్ళాక వదిన కిరోసిన్ గుడ్డతో మెట్ల బోర్డు తుడిచేసింది. గీత కొట్టే సుద్ద దారం ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకుని, "బిగించండి మరిదిగారూ, వంకర పోతోంది," అంది.