ఎర్రకొండ దేశపు మంత్రి

ఈ ఏడు ఈస్టరుకు ముందు వారం కన్నుమూసిన సాలొమోను సారుకు, ఒకప్పుడు ఒక్క లోకం చాలేది కాదు. బళ్ళారిలో ఓ మిషన్ బడి తెలుగు విభాగంలో ఎనిమిదో తరగతికి సమాజశాస్త్రం చెబుతూ, అయిదు బెంచీలను అయిదు చిన్న దేశాలు చేసి, ఒక్కోదానికి ఓ మంత్రిని పెట్టాడు. ఒకదానికి ఏరిచ్చాడు, ఒకదానికి పత్తి, ఒకదానికి రేవు, ఒకదానికి ఇనుప ఖనిజమున్న ఎర్రకొండ. చివరి బెంచీకి ఏమీ మిగల్లేదు.

"ఏంది సార్, మా దేశంలో ఏమీ లేదా?" అన్నాడు హులిగేశ్.

"మనుషులు ఉండారు కదప్పా."

"మనుషుల్ని అమ్ముకుంటామా సార్?"

"పొద్దున్నే కూలికి టెంపో ఎక్కేటోళ్ళను యాడా చూడలేదా?"

తరగతి గొల్లుమంది. హులిగేశ్ నవ్వలేదు, వాళ్ళమ్మ ఆ టెంపోలోనే పోతుంది.

సారుది పదకొండేళ్ళుగా తాత్కాలిక కొలువు. "అయిదు దేశాలేలే దొరా, రేషన్ బియ్యానికి పోయిరాప్పా" అని భార్య సరోజమ్మ ఎత్తిపొడిచేది.

బడి పండుగకు ప్రతి దేశమూ ఒక అట్ట సిద్ధం చేసింది. ఎవరు ఏలుతున్నారు, ఏం అమ్మి బతుకుతున్నారు, జనం ఎట్లా ఉన్నారు అనేవి అందులో రాయాలి. ఎర్రకొండ మంత్రి అక్షతది ఖనిజం లారీల ఎర్రదుమ్ములో మునిగే బండ్రి ఊరు. మూడో ప్రశ్న కింద ఆ పిల్ల ఒకే వాక్యం రాసింది: "మా దేశంలో తెల్లబట్టలు బయట ఆరేయరు."

సారు మురిసిపోయి ఆ వాక్యాన్ని స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించాడు. ఆ సాయంత్రమే బడి కార్యదర్శి కెన్నెత్ పిలిపించాడు.

"సాలొమోనప్పా, జూన్‌లో నీ పోస్టు పర్మనెంటు చేస్తాండాం. రేపు ముఖ్య అతిథి నెట్టికంటప్ప. ఖనిజం లారీలన్నీ ఆయనవే, మన కొత్త గదులూ ఆయనవే. పిల్లల నోరు జర చూసుకో."

సారు అక్షతను పక్కకు పిలిచాడు. "ఆ మాట మారుద్దామమ్మా. అందరికీ పని ఉండాదని రాయి."

"అబద్ధం కదా సార్?"

"ఇది ఆట కదమ్మా."

"అట్లయితే ముందు రాసిందీ ఆటే కదా సార్. ఉండనీండి."

పిల్ల వెళ్ళాక తెల్లకాగితం ముక్క కత్తిరించి, ఆ వాక్యం మీద తన చేత్తోనే అంటించి, "మా దేశంలో అందరికీ పని ఉంది" అని రాశాడు.

మర్నాడు నెట్టికంటప్ప అట్ట ముందు ఆగాడు. "నీ దేశంలో జనం ఎట్లుండారు పాపా?"

అక్షత సారు వైపు చూసింది. సారు నేల చూశాడు. పిల్ల గుక్క తిప్పుకోకుండా, అంటించిన కాగితం మీదున్నది ఉన్నట్టు అప్పజెప్పింది.

"భేష్! మంత్రంటే ఇట్లుండల్ల!" అని ఆయన చప్పట్లు కొట్టాడు. కెన్నెత్ ఇంకా గట్టిగా కొట్టాడు.

జూన్‌లో సారుకు ఉత్తర్వు వచ్చింది. పై తరగతికి వెళ్ళిన అక్షత ఒకరోజు స్టాఫ్ రూముకు వచ్చి మడిచిన కాగితం ఇచ్చింది. అది ఎర్రకొండ మంత్రి పదవికి రాజీనామా. సారు తరగతిలో అర్జీలు రాయడం నేర్పిన పద్ధతిలోనే, తేదీ, పదవి, సంతకం అన్నీ ఉన్నాయి. కారణం రాయాల్సిన చోట ఖాళీ వదిలింది.

"ఇదేందమ్మా, ఖాళీగా ఉండాది?"

"మీరే అంటించుకోండి సార్" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ ఏటి నుంచి సారు పాఠం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. పిల్లలకు మార్కులు బాగానే వచ్చాయి.