అన్వయానికి ముందే మోగిన గంట

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక, తెనాలిలో మా గుడి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే పాస్టరు గారు దగ్గరికి వచ్చి, వచ్చే వారం బాపట్లలో జరిగే మా చిన్న మావయ్య జ్ఞాపకార్థ కూటంలో నన్ను మాట్లాడమని అడిగారు. "మావయ్య గారు పార్లమెంటులో చదువుల గురించీ దేశ ఆర్థిక విషయాల గురించీ ఏం మాట్లాడారో మన పిల్లలకి తెలీదమ్మా. ఆ ప్రసంగాల్లోంచి కొన్ని మాటలు ఏరి చెప్పండి. టైం మాత్రం కాస్త చూసుకోవాలి, మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు" అన్నారు. సరేనండి అన్నాను. ఇంటికి వచ్చాక మా అమ్మాయి ఫోనులో పార్లమెంటు వాళ్ల సైటు తెరిచి, మావయ్య పేరు కొట్టి, పప్పుల డబ్బాకి ఆనించి పెట్టింది. ఆయన మాట్లాడినవన్నీ అందులో ఉన్నాయి. మాటకు మాట అచ్చువేసిన కాగితాలూ ఉన్నాయి, బొమ్మతో సహా గొంతూ ఉంది. ఈ వారమంతా నేను వంట చేసింది ఆ గొంతు వింటూనే. మనిషి పోయిన ఏడాదికి ఆయన చిన్నగా దగ్గి, గొంతు సవరించుకుని "అధ్యక్షా" అంటే, చేతిలో గరిటె ఆగిపోతుంది. పోపు మాడిన రోజులూ ఉన్నాయి.

మా అమ్మ తోడబుట్టినవాళ్లలో ఆయన ఆఖరివాడు. అందరికంటే పెద్దది మా పెద్దమ్మ. అమ్మమ్మా తాతయ్యా తొందరగా ప్రభువు దగ్గరికి వెళ్లిపోతే, ఆయన్ని పెంచింది పెద్దమ్మే. రేపల్లె అవతల ఒక ఊళ్లో మిషను వాళ్లు ఎప్పుడో కట్టిన, సర్కారు జీతాలిచ్చే ఎయిడెడ్ బడికి ఆమె హెడ్‌మిస్ట్రెస్. ఊరంతా టీచరమ్మగారు అనేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "హాజరు పిలిచేసరికి సాయంత్రమైపోయింది" అనేది. మావయ్య ఆ బడిలోనే అక్షరాలు దిద్దుకుని, బాపట్ల కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరరయ్యాడు. పాఠం చెప్పేటప్పుడు పక్క తరగతుల పిల్లలు కూడా కిటికీల దగ్గర చేరేవాళ్లట. ఆ పేరే ఆయన్ని ఎన్నికలదాకా, ఎన్నికలు ఢిల్లీదాకా తీసుకెళ్లాయి. మనిషి బక్కగా ఉండేవాడు, మాట మాత్రం నిండుగా ఉండేది. ఒకటే ఇబ్బంది. ఏ సంగతైనా చాలా దూరం నుంచి మొదలుపెట్టేవాడు. భోజనం దగ్గర ఇంకాస్త పెరుగు కావాలన్నా, పాడి గేదెల గురించీ పచ్చిగడ్డి కరువు గురించీ చెప్పి, అప్పుడు గిన్నె ముందుకు జరిపేవాడు.

ఆ అలవాటు పెద్దమ్మ చేసిందే. సండే స్కూల్లో పిల్లల్ని బెంచీ ఎక్కించి ప్రసంగం చెప్పించడం ఆమెకి ఇష్టం. నన్నూ ఎక్కించింది. ముందు వాక్యం చదవాలి. తర్వాత దాని అర్థం నెమ్మదిగా విప్పాలి. ఆఖర్న అన్వయం చెప్పాలి. అన్వయమంటే, ఆ వాక్యం ఈ ఊళ్లో, ఈ చాపల మీద కూర్చున్న మనుషులతో ఏమంటున్నదో చెప్పడం. "అన్వయం ఎప్పుడూ ఆఖర్నే పెట్టాలి. జనం గుడి దిగేటప్పుడు చేతిలో పట్టుకుని వెళ్లేది అదే" అనేది. మా గుళ్లల్లో ఆ పద్ధతికి లోటేమీ లేదు. ప్రసంగానికి నిలబడ్డవాణ్ణి మావాళ్లు ఎవరూ కూర్చోమనరు. పొయ్యి మీద అన్నం మెత్తబడిపోయినా, చంటిపిల్లలు తల్లుల ఒళ్లో నిద్రపోయినా, అన్వయం వచ్చేదాకా ఎవరూ కదలరు. మావయ్య ఆ చాపల ముందు మాట్లాడటం నేర్చుకున్నాడు.

ఆయన ఢిల్లీ వెళ్లేనాటికి మా బడి ఊపిరి సన్నగిల్లుతోంది. ఎయిడెడ్ బళ్లలో టీచరు రిటైరైతే ఆ ఖాళీలో మళ్లీ ఎవరినీ వేయడం లేదు. ఒక్కొక్కరే దండలు వేయించుకుని వెళ్లిపోగా, ఆఖరికి పెద్దమ్మ మిగిలింది. ఆమె కూడా దండ వేయించుకుని, మర్నాడు పొద్దున మామూలుగానే బడికి వెళ్లి తలుపులు తీసింది. జీతం లేకపోయినా తీసింది. సర్కారు పుస్తకాల్లో మాత్రం ఆ బడికి టీచరు లేనట్టే. టీచరు లేని బడిని ఎన్నాళ్లో ఉంచరని, పిల్లల్ని మెయిన్ రోడ్డు అవతల, కాలవ దాటాక ఉన్న బడిలో కలిపేస్తారని అందరికీ తెలుసు. అంతదూరం పంపలేని ఇళ్లలో ఆడపిల్లలు చదువు మానేసి రొయ్యలు ఒలిచే షెడ్లకి పోతారనీ తెలుసు. అందుకని మావయ్య సభలో మా బడి మాట ఎత్తాలి, ఆ ఖాళీలు నింపమని అడగాలి. కూలికి పోయే మనుషుల దగ్గర నుంచి గుడి పెద్దలదాకా మా ఊరికి అదొక్కటే ఆశ. ఆయనా మాట ఇచ్చాడు.

మొదటిసారి ఆయన చదువుల మీద చర్చలో మాట్లాడే రోజు నేను తెనాలి నుంచి సెలవు పెట్టి వెళ్లాను. పెద్దమ్మ వాళ్లింటి వసారాలో టీవీ పెట్టారు. స్త్రీల సమాజం వాళ్లు పొద్దుటి నుంచి ఉపవాసం. పక్కింటి పిన్ని మిరప కోతకి వెళ్లకుండా, నాలుగో తరగతి చదువుతున్న మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంది. మావయ్య లేచే ముందు ప్రార్థన చెయ్యమంటే, ఆ పిన్ని దేశాన్నీ రాష్ట్రాన్నీ రేపల్లె రైలునీ అన్నిటినీ దేవుని చేతికి అప్పగించి ఆమెన్ అనేసరికి, ఆయన సగం మాట్లాడేశాడు. "ఈసారికి పొట్టి ప్రార్థన వచ్చినవాళ్లని చూసుకుందాం" అంది పెద్దమ్మ కళ్లు తెరుస్తూ. అక్క వాళ్లకి అర్థం కావాలని ఆయన తెలుగులోనే మాట్లాడుతున్నాడు. అక్కడ తెలుగులో మాట్లాడాలంటే ముందుగా చెప్పి అనువాదకుణ్ణి పెట్టించుకోవాలట, అదీ చేయించుకున్నాడు. "చదువుకి పెట్టే డబ్బుని మనం ఖర్చు అని రాసుకుంటున్నాం అధ్యక్షా. రైతు విత్తనాలకి పెట్టిన డబ్బుని పారబోసుకున్నానని అనడు" అన్నాడు. వసారాలో అందరూ తలలూపారు. మా బడి వచ్చేస్తోందని పిన్ని మనవరాలి చెయ్యి పట్టుకుంది. అప్పుడు గంట మోగింది. అధ్యక్షస్థానంలో ఉన్నాయన ముగించమన్నారు. మావయ్య ఒక్క నిమిషం అన్నాడు. మైకు ఇంకొకరికి వెళ్లిపోయింది. సభలో పార్టీ బలాన్ని బట్టి సమయం పంచుతారు. మావయ్య పార్టీ చిన్నది, మా చాపల మీద దొరికినంత సమయం అక్కడ దొరకదు.

"మన బడి మాట రాలేదేంటండి టీచరమ్మగారూ?" అంది పిన్ని.

"మొదటిసారి కదే. తర్వాత వస్తది" అంది పెద్దమ్మ.

తర్వాత బడ్జెట్ మీద మాట్లాడాడు. ఈ వారం ఆ ప్రసంగం మళ్లీ విన్నాను. ఎంత బాగా మాట్లాడాడో అప్పట్లో నాకు తెలియలేదు. "ఈపురుపాలెంలో మగ్గం మీద కూర్చున్న మనిషి, నూలు ధర పెరిగితే చీర ధర పెంచలేడు అధ్యక్షా. ఇంట్లో కూర తగ్గించుకుంటాడు. మన లెక్కల్లో ఆ తగ్గిన కూరకి చోటేదీ?" అన్నాడు. సభలో ఎవరో బల్ల చరిచారు కూడా. అక్కణ్ణుంచి కౌలు రైతు దగ్గరికి, కౌలు రైతు పిల్లల చదువు దగ్గరికి, అక్కణ్ణుంచి మా రేపల్లె వైపు మళ్లుతుండగా గంట. మిగిలిన ప్రసంగం రాతలో సభకు సమర్పించుకోవచ్చని, రికార్డులో చేరుస్తామని చెప్పారు. ఆ సంగతి ఫోనులో చెబితే పెద్దమ్మ, "కాగితం చేర్చుకుంటారు సరే, దాన్ని ఎవరైనా చెవితో వింటార్రా?" అని అడిగింది. మా ఊరి ఆడవాళ్లు ఆ గంటని దేవుడికే అప్పగించారు. అన్నయ్యగారికి ఇంకాస్త సమయం ఇప్పించు ప్రభువా అని శుక్రవారాలు కూడా ఉపవాసం మొదలుపెట్టారు. ఒకావిడ నీళ్లు కూడా ముట్టకుండా ఉండి కళ్లు తిరిగి పడిపోయింది. విద్యా విధానం మీద చర్చ వచ్చింది. మళ్లీ అంతే. వాక్యం అయింది, వివరణ అయింది. గ్లాసు అందుకుని గుక్కెడు నీళ్లు తాగాడు. అన్వయానికి ముందు ఆయన ఎప్పుడూ నీళ్లు తాగేవాడు. గ్లాసు కింద పెట్టేలోపు గంట మోగింది.

ఆ రోజు టీవీ కట్టేశాక వసారాలో ఎవరూ లేవలేదు. "మన విశ్వాసమే చాలట్లేదేమోనండి" అంది పిన్ని, తప్పంతా తనదే అయినట్టు. పెద్దమ్మ మెల్లగా అంది.

"ప్రార్థనలో తప్పు లేదే. వాడు నేను నేర్పినట్టే మాట్లాడుతున్నాడు."

ఫోనులో చెబుతానని నేనంటే ఒప్పుకోలేదు. నేర్పినప్పుడు ఎదురుగా నిలబెట్టి నేర్పాను, మార్చుకోమనేది కూడా ఎదురుగానే చెబుతానంది. అప్పటికే ఆమెకి ఆయాసం మొదలైంది. క్రిస్మస్‌కి మావయ్య వచ్చాడు. ఆరాధన అయ్యాక మేమంతా వసారాలో భోజనాలకి కూర్చున్నాం. ఆమె నవారు మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది.

"ఒరేయ్, ఈసారి నించోగానే మన ఊరి పేరు చెప్పు. తర్వాత టీచర్లని అడుగు. మిగతాదంతా ఆ తర్వాత."

"ఎట్టా అక్కా? ముందు సంగతేంటో చెప్పకుండా ఊరి పేరెత్తితే, ఇదేం ఊరు, ఇదేం గోల అనుకోరూ?"

"అనుకోనీ."

"ఆఖర్న చెప్పిందే జనం పట్టుకెళ్తారని నువ్వేగా నేర్పింది?"

"నేర్పాను. ఆఖరిదాకా కూర్చునే జనం ముందు మాట్లాడ్డానికి నేర్పాను. అది గుడి కాదురా."

మావయ్య నవ్వాడు. "అయితే పాపం వీళ్లంతా ఇన్నాళ్లూ ఉత్తినే పస్తులున్నారన్నమాట" అన్నాడు.

"ఉపవాసం ఎప్పుడూ ఉత్తినే పోదు. నువ్వు ముందా కూర వడ్డించుకో" అంది పెద్దమ్మ. ఆయన గరిటె తీసుకున్నాడు గానీ వడ్డించుకోలేదు. చెప్పింది అప్పుడు లోపలికి దిగినట్టుంది. "ముందే చెప్పకపోయావా అక్కా" అన్నాడు. "నాకూ మొన్ననే తెలిసిందిరా" అంది ఆమె. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో టీచరమ్మ లేదు. ఆయన చేయి కడుక్కుని వచ్చి, ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. అంత చదువుకున్న మనిషి, ఆ మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాడు.

ఆ తర్వాతి సమావేశాల్లో ఆయనకి అవకాశం రాలేదు. మాట్లాడతానని చీటీ ఇచ్చాడు, వంతు రాలేదు. ఇంకోసారి వంతు వచ్చేసరికి గొడవై సభ వాయిదా పడింది. ఎండాకాలంలో మా బడి మూసేశారు. బెంచీలు ట్రాక్టరు మీద వేసి తీసుకెళ్తుంటే పెద్దమ్మ వసారాలోంచి చూసింది. ఏడవలేదు. ఒక బెంచీ కాలు ఊగుతోందని, జాగ్రత్తగా దించుకోమని ట్రాక్టరు మనిషికి చెప్పింది. బళ్లు తెరిచాక మగపిల్లలు కాలవ దాటి వెళ్లారు. ఆడపిల్లల్లో కొందరు వెళ్లారు. పక్కింటి పిన్ని మనవరాలు వెళ్లలేదు. తెల్లారి వచ్చే ఆటోలో పెద్దవాళ్ల మధ్య కూర్చుని రొయ్యల షెడ్డుకి వెళ్లేది. వానలు పట్టాక పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. సమాధి తోటదాకా మోకాలి లోతు బురద. ఆ పిల్ల వచ్చి పెట్టె మీద పువ్వులు వేసింది. దాని వేళ్లు రొయ్యల నీళ్లలో నానిపోయి, ముడతలు పడి, ముసలావిడ వేళ్లలా ఉన్నాయి. నేను జీవితమంతా పునరుత్థానాన్ని నమ్మినదాన్ని, ఇప్పుడూ నమ్ముతున్నాను. ఆ వేళ్లు చూసినప్పుడు మాత్రం నోట ప్రార్థన రాలేదు.

సైటులో మావయ్య చివరి ప్రసంగం పెద్దమ్మ పోయిన తర్వాతది. మళ్లీ ఆయనకి టికెట్టు రాలేదు, ఆయన అడగనూ లేదు. ఇన్నాళ్లూ ఆ ప్రసంగం చూసే ధైర్యం నేను చేయలేదు. నిన్న పొద్దున పొయ్యి కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుని చూశాను. ఆయన లేచాడు. దగ్గలేదు, గొంతు సవరించుకోలేదు. అధ్యక్షా అని, వెంటనే మా ఊరి పేరు చెప్పాడు. "ఆ ఊళ్లో మా అక్క నడిపిన బడి ఉండేది. టీచర్లు రిటైరైతే ఆ ఖాళీల్లో ఎవరినీ వేయలేదు. ఈ ఎండాకాలం మూసేశారు. అక్క కూడా లేదు. ఇలాంటివి ఇంకా కొన్ని ఊళ్లలో మిగిలి ఉన్నాయి. వాటికైనా టీచర్లనివ్వండి" అన్నాడు. అంతే. నూలు ధర లేదు, కౌలు రైతు లేడు. ఆయన ఆగిపోయేసరికి సభ కూడా ఏదో అడ్డం వచ్చినట్టు ఆగింది. అధ్యక్షస్థానంలో ఉన్నావిడ మెత్తటి గొంతుతో, గౌరవ సభ్యులకు ఇంకా సమయం ఉంది అన్నారు.

మావయ్య కూర్చోలేదు. ముందున్న బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. మా ఊరి ఆడవాళ్లు పస్తులుండి అడిగిన సమయం అది. నీళ్ల గ్లాసు పక్కనే ఉంది, ముట్టుకోలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. ఏ గంటా మోగలేదు. ఆఖరికి "ఇంకేం లేదండి" అని కూర్చున్నాడు. సమయం చాలనప్పుడు ఎలా ప్రార్థించాలో మావాళ్లు నాకు చిన్నప్పుడే నేర్పారు. బడీ పోయి, పెద్దమ్మా వెళ్లిపోయాక వచ్చిన సమయాన్ని పట్టుకుని దేవునితో ఏమనాలో, ఈ వయసులో నాకు నేనుగా నేర్చుకోవాల్సి వస్తోంది.